ఎడమ సగం

ఆంట్వెర్ప్‌లో, చర్మకారుల వీధి చివర మా అచ్చుకొట్టు.
తలుపు తీయగానే అవిసె నూనె వాసన,
దాని వెనకే ద్రాక్షపుల్లలు కాల్చిన మసి.
నన్నిక్కడ ఎవరూ పేరు పెట్టి పిలవరు.
లీవెన్ పెళ్ళాం అనేవాళ్ళు, ఇప్పుడు
లీవెన్ విధవరాలు అంటున్నారు.
తల అదే, తోక మారింది,
అతను గీసే బొమ్మల్లాగే.

రోమ్ వెళ్ళొచ్చినవాడు మా లీవెన్.
అక్కడ ద్రాక్షతోట అడుగున
మట్టిలో మునిగిన రాజుగారి ఇల్లొకటి ఉందట.
నడుముకి తాడు కట్టి, చేతికి దివిటీ ఇచ్చి, బావిలో కడవలా దించారట.
గుహ అనుకున్నది గది.
నేల అనుకున్నది, కప్పు దాకా పేరుకున్న మన్ను.
దాని మీద వెల్లకిలా పడుకుని
ముక్కుకి తగిలేంత దగ్గరగా చూశాడట:
నడుము దాకా ఆడది, కింద ఆకు,
ఆకు కొసన గుర్రపు డెక్క.
ఈనె మీద కొంగ, కొంగ నెత్తిన దీపస్తంభం,
దాని మీద ఒక ఇల్లంత పూలకుండీ.
"ఏదీ దేన్నీ మోయడం లేదే! అయినా ఏదీ పడదు!"
రొట్టెకి వెన్న రాస్తూ కూడా ఇదే మాట.
దివిటీ మైనం కారి అక్కడే కాలింది ఎడమ కనుబొమ్మ.
నడుమ చిటికెన గోరంత మేర
మళ్ళీ వెంట్రుక మొలవలేదు.

కంసాలులు కొంటారు మా కాగితాలు,
పెట్టెలు చేసే వడ్రంగులు కొంటారు, తుపాకి పిడులు చెక్కేవాళ్ళు కొంటారు.
అతను రెండు వైపులా ఒకేలా ఎన్నడూ చెక్కలేదు.
ఎడమది నచ్చినవాడు దాన్నే తిప్పి వేసుకుంటాడు,
కుడిది నచ్చినవాడు కుడిది.
ఒక కాగితం ఖరీదుకి రెండు నమూనాలు.

చలిజ్వరం వచ్చిన నాటికి
చివరి పలక సగమే అయింది.

మసి పూశాను, గుడ్డతో తుడిచాను,
సుద్ద అద్దిన అరచేత్తో మళ్ళీ తుడిచాను,
తడి కాగితం పరిచి చక్రం తిప్పాను.
తీసి చూస్తే
ముళ్ళాకుల్లోంచి లేచిన ఒక మనిషి,
చేతులు మోచేతుల దాకా మడిచి, అరచెయ్యి చాచి.
గడ్డం కింద పుట్టుమచ్చ.
రాగి మీద కుడివైపుంది, కాగితం మీద ఎడమకొచ్చింది.
నాకున్నది ఎడమవైపే.
చెప్పనైనా లేదు, దొంగ.

ఆమెకెదురుగా అంతా ఖాళీ.

"ఇంకెవరిచేతనైనా చెక్కించు, లేదా అదే తిప్పి వెయ్యి"
అన్నాడు కంసాలి బాల్టెన్, అది నా మేలు కోరే.
"దేవుడు చేయని జంతువులమ్మా ఇవి" అంది ఎదురింటి యోసీనె.
ముక్కలన్నీ ఆయనవే,
అతుకొక్కటే మావాడిది అన్నాను.

సగం బొమ్మనే తగిలించాను కొట్టు ముందు.
తిట్టారు, కొన్నారు.
ఒకడు ఖాళీలో కోతిని గీసుకున్నాడట,
ఒకడు వీణ వాయించే చేపని.
అద్దకాల కుర్రాడు హానెకెన్ ఏమీ గీయలేదు,
అలాగే మంచం పక్కన అంటించుకున్నాడు.

రాగి మెత్తన.
ఎనిమిది వందల కాగితాలు లాగేసరికి
ముందు ఆకుల ఈనెలు పోయాయి, తర్వాత చెంప నీడ.
పుట్టుమచ్చ పలచబడుతోంది.
ఆకు దాకా వచ్చేశాను, ఇంకొన్నాళ్ళకి
డెక్క ఒక్కటే మిగులుతానేమో.

నిన్న రాత్రి అతని ఉలి తీశాను.
నాకు చేతకాదు. అది జారింది, వేలు తెగింది,
పిండి కలిపినట్టు ఒళ్ళంతా బిగబట్టి తోశాను.
ఖాళీ వైపు, కాస్త పైన,
ఒక్క కనుబొమ్మ.
నడుమ గోరంత తెగింది.
కింద కన్ను లేదు, పైన నుదురు లేదు.
దేన్నీ మోయదు,
పడిపోదు.

పొద్దున్నే వచ్చిన బేరం
కాగితాన్ని వెలుగుకి పట్టి చూసి
"ఇక్కడ గీత పడిందే, ధర తగ్గిస్తావా?" అన్నాడు.

లేదు,
ఈ కాగితం ఒక స్టైవర్ ఎక్కువ.